పన్ను పీకించే ముందటి ఆదివారం

మంగళవారం జీవరాజుకు పై వరస ముందు పళ్లు రెండూ పీకేస్తారు. పళ్ల డాక్టరు నోట్లో చిన్న అద్దం పెట్టి చూసి, వేలితో కదిపి, "ఇవింక నిలవవండీ, పెట్టుడు పళ్లు పెట్టించుకుందాం" అన్నాడు. జీవరాజు ఏ భావమూ లేకుండా తలూపాడు. పక్క కుర్చీలో ఉన్న ఆయన భార్య ఎమిలీకి మాత్రం గుండె గుభేలుమంది. పళ్లు ఆయనవైతే ఈవిడకెందుకు గుభేలు అంటారా? చెబుతాను, ఆగండి.

ట్రంపెట్టు ఊదేవాడికి ముందు పళ్లే ఆధారం. పెదవిని వాటికి ఆనించి బిగించి గాలి వదిలితేనే అందులోంచి పాట వస్తుంది. పెట్టుడు పళ్లు ఆ ఒత్తిడికి ఆగవు. జీవరాజు పాతికేళ్లకు పైగా పెళ్లి బ్యాండులో ట్రంపెట్టు ఊదాడు. ఆ పాతికేళ్లూ ఆయనకు అన్నం వండి పెట్టింది, బంగారు అంచు ఎర్రకోటు ఉతికి ఇస్త్రీ చేసి ఇచ్చింది ఎమిలీయే. కానీ ఆయన ఒక్కడే పాట ఊదగా ఒక్కసారంటే ఒక్కసారి కూడా వినలేదు.

ఇదేం విడ్డూరం అనకండి. ఎమిలీది నర్సాపురం. సికింద్రాబాదు సంబంధం వచ్చినప్పుడు వాళ్ల నాన్న, "అల్లుడు ట్రంపెట్టు వాయిస్తాడంట, మన ఊరు ఊరంతా వినాలి" అని సంబరపడ్డాడు. తీరా పెళ్లినాడు చర్చి దగ్గరినుంచి ఇంటిదాకా ఊరేగింపు జరిగితే వాయించినవాళ్లంతా పెళ్లికొడుకు స్నేహితులే. పెళ్లికొడుకు మాత్రం మెడనిండా దండలతో కారులో కూర్చున్నాడు. తన పెళ్లికి తాను వాయించుకునే వీలు ఎవరికుంటుంది?

తర్వాతయినా వినొచ్చుగా అంటే, ట్రంపెట్టు ఇంటికి వస్తేగా! అది బ్యాండు యజమాని నూకయ్యది. రెజిమెంటల్ బజార్‌లో ఆయన కొట్టు ఉండేది. పని అయిపోగానే కొట్టులో మేకుకు తగిలించి రావాల్సిందే. వాయించే పెళ్లిళ్లకు పెళ్లాలను తీసుకెళ్లే ఆచారం లేదు. ఒకసారి ఉండబట్టలేక, మోండా మార్కెట్టు పక్కన ఊరేగింపు వెళ్తుందని తెలిసి, కూరగాయల సంచితో ఫుట్‌పాత్ మీద నిలబడింది ఎమిలీ. ఊరేగింపు రానే వచ్చింది. పన్నెండు మంది ఊదేవాళ్లు, వెనక డ్రమ్ములు, ఆ వెనక జనరేటరు బండి రొద. ఆ మోతలో మొగుడి పాట ఏదో పోల్చుకోవడం ఆమె వల్ల కాలేదు.

రాత్రి అన్నం దగ్గర అడిగేసింది. "అందులో మీది ఏదండీ?"

"వినొచ్చిందంతా నాదేనే" అన్నాడు జీవరాజు, ముద్ద కలుపుకుంటూ.

"అబ్బో! మిగతా పదకొండు మందీ గాలి పీలుస్తున్నారా?"

అప్పటినుంచి ఆ ఇంట్లో అదొక తెగని తగువు. ఉప్పు ఎక్కువైందని ఆయనంటే, "వినొచ్చిందంతా మీది, ఉప్పు మాత్రం నాది" అనేది ఆవిడ.

కాలం మారింది. మాదాపూర్‌లో అద్దాల మేడలు లేచాయి. పెళ్లిళ్లలోకి డీజే పెట్టెలు వచ్చాయి. ఒక్క కుర్రాడు ఒక్క మీట నొక్కితే పన్నెండు మంది మోత వస్తుంటే బ్యాండు ఎవడికి కావాలి? నూకయ్య కొట్టు మూసేసి, "నువ్వు ఊదినదిరా, నీ దగ్గరే ఉండనీ" అంటూ ట్రంపెట్టు జీవరాజు చేతిలో పెట్టాడు. జీవరాజు ఒక సాఫ్ట్‌వేర్ ఆఫీసులో సెక్యూరిటీ గార్డుగా చేరాడు. మెడలో ట్యాగులు వేలాడేసుకున్న పిల్లలకు గేటు తీస్తాడు, క్యాబులు లోపలికి పంపిస్తాడు. ఎర్రకోటు పోయి నీలం చొక్కా వచ్చింది.

ట్రంపెట్టు ఇంటికి వచ్చిన మొదటిరోజే ఎమిలీ, "ఇప్పుడు ఊదండి చూద్దాం" అని మంచం మీద కూర్చోబెట్టింది. నేరేడ్‌మెట్‌లో రెండు గదుల ఇల్లు. జీవరాజు మంచం అంచున కూర్చుని ఊదాడు. వచ్చిన చప్పుడు పాట కాదు కదా, కట్టు తెంచుకున్న గేదె అరుపులా ఉంది. ఎమిలీ పగలబడి నవ్వింది. నవ్వకూడదు, కానీ నవ్వొచ్చింది, ఏం చేస్తుంది! జీవరాజు ముఖం చిన్నబోయింది. "కూసొని ఊదేది కాదే ఇది" అని ట్రంపెట్టును పాత తువ్వాలులో చుట్టి బీరువా మీద పెట్టేశాడు. ఆ మాటను ఎమిలీ ఒట్టి సాకు అనుకుంది. ఎన్నిసార్లు బతిమాలినా ఆయన మళ్లీ ముట్టలేదు.

ఇప్పుడు పళ్లు పోతున్నాయి. మంగళవారం దాటితే అడగడానికి కూడా ఏమీ మిగలదు. డాక్టరు గదిలోంచి బయటికి వచ్చేసరికే ఎమిలీ నిశ్చయం చేసేసుకుంది. ఆరు నూరైనా నూరు ఆరైనా ఈ ఆదివారం వినాల్సిందే.

ఆదివారమే ఎందుకంటే, ఆ సాయంత్రం వీధి పండుగ. నెలకో ఆదివారం రెజిమెంటల్ బజార్ దగ్గరి ఒక పొడుగాటి వీధిలోకి బళ్లు రానివ్వరు. రెండు చివరలా అడ్డుకట్టలు పెట్టేస్తారు. ఒక పక్క తిండి, ఒక పక్క బొమ్మలు, చివర్లో చిన్న వేదిక మీద పాటలు. అద్దెకు దిగిన సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లు కొందరు కలిసి మొదలుపెట్టారు. ఎమిలీ ఆ వీధి పక్క బడిలోనే చిన్నపిల్లల క్లాసు టీచరు. ఉదయం ఆరాధన, సాయంత్రం వీధి పండుగ అన్నట్టు ప్రతి నెలా హాజరు. "ఆదివారం పూట బజార్లో గంతులేంటి ఎమిలీ?" అని చర్చిలో రోసమ్మ గారు మూతి ముడిస్తే, "మీరూ రండి ఆంటీ, జిలేబీ బాగుంటుంది" అని ఆవిడ నోరు మూయించిన మనిషి. జీవరాజు మాత్రం ఎప్పుడూ రాలేదు. ఆదివారాలు డ్యూటీ. పంటి నొప్పి పుణ్యమా అని ఈ వారమే సెలవు దొరికింది.

ఎమిలీ నోట్లో నువ్వుగింజ నానదు. అలాంటిది ఈ సంగతి మాత్రం మూడో కంటికి తెలియనివ్వలేదు. పండుగ నడిపే కుర్రాళ్లలో సాయిబాబు అని అనకాపల్లి అబ్బాయి ఆమెకు పరిచయం. అతనికి ఫోను చేసి ఒక పేరు రాయించింది. బీరువా మీది మూట దించి పెద్ద సంచిలో పెట్టి, పైన దుప్పటి కప్పింది.

"గా సంచి ఎందుకే?" అన్నాడు జీవరాజు బస్సు స్టాపులో.

"చలేస్తే కప్పుకోడానికి."

"ఏప్రిల్ నెలల చలా?"

"మీకెందుకండీ, మోసేది నేనేగా!"

"పెళ్లికి పోతూ పిల్లిని సంకన బెట్టుకపోయినట్టుంది నీ కథ" అని ఆయన బస్సెక్కాడు. ఎమిలీకి నవ్వాగలేదు. కిటికీ వైపు తిరిగి పమిట కొంగు నోట్లో కుక్కుకుంది.

వీధి మొదట్లో అడుగుపెట్టగానే ఆమె ఒళ్లు ఉప్పొంగింది. అబ్బ, ఆ జనం! ఆ వాసనలు! ఒకచోట రాళ్ల మీద మటన్ కాలుతోంది, ఇంకోచోట పెసరట్టు మీద అల్లం ముక్కలు చిటపటమంటున్నాయి. మిర్చి బజ్జీల బండి దగ్గర మూడు వరసల జనం. పక్కన ఒకమ్మాయి స్టూలు వేసుకుని అడిగినవాళ్లకల్లా ముఖం బొమ్మ గీసి ఇస్తోంది. పాత గోడకు పిల్లలంతా కలిసి రంగులు పూస్తున్నారు. గోడ మీదకన్నా చొక్కాల మీద ఎక్కువ పడుతోంది. డప్పులవాళ్లు నలుగురు ఒక పక్కన చిన్న మంట వేసి డప్పులు కాచుకుంటున్నారు. ఎమిలీ ఒక చేత్తో సంచి, ఇంకో చేత్తో మొగుడి మణికట్టు పట్టుకుని అన్నీ చూపిస్తూ లాక్కెళ్లింది. "ఇటు చూడండి! అదిగో అది చూడండి! అయ్యో, అటు కాదండీ, ఇటు!"

జీవరాజు బజ్జీల వైపు ఆశగా చూశాడు. కొరకలేడు. చివరికి ఒక కప్పు సేమ్యా పాయసం తీసుకుని, తినే ముందు అలవాటుగా కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకున్నాడు. వెనకవాళ్లు "అంకుల్, జరగండి" అని తోస్తున్నా ఆమేన్ దాకా కళ్లు తెరవలేదు.

"మంచిగనే ఉన్నదే ఈ తమాషా" అన్నాడు పాయసం జుర్రుకుంటూ. ఎమిలీకి ఆ మాట చాలు. వేదిక వైపు నడిపించింది.

వేదిక మీద ఇద్దరు కుర్రాళ్లు గిటార్లతో ఇంగ్లీషు పాట ముగించారు. చప్పట్లు ఆగాక సాయిబాబు మైకు అందుకున్నాడు. "నెక్స్ట్, మన సికింద్రాబాద్ పెళ్లిళ్ల హీరో, జీవరాజు గారు! ట్రంపెట్!"

జీవరాజు చేతిలోని చెంచా కింద పడింది. "ఏందీ?"

"మీరేనండీ" అంటూ ఎమిలీ సంచిలోంచి దుప్పటి లాగేసి, తువ్వాలు విప్పి, ట్రంపెట్టు చేతుల్లో పెట్టింది. తెల్లవారుజామున లేచి చింతపండుతో తోమింది మరి, ధగధగలాడుతోంది.

"నీకు దిమాక్ ఉన్నదా? పన్ను ఊగుతుంటే..."

"ఊగుతోంది గనకే అండీ. మంగళవారం తర్వాత ఊగడానికీ ఉండదు, ఊదడానికీ ఉండదు." అంతదాకా నవ్వుతున్న ఆమె నవ్వు ఆపేసింది. "ఇన్నేళ్లు కాపురం చేశాను. ఒక్క పాట. నా ఒక్కదాని కోసం."

చుట్టూ జనం దారి ఇచ్చి చూస్తున్నారు. జీవరాజు వేళ్లు అప్పటికే ట్రంపెట్టు మీద వాటి చోట్లకు వెళ్లి కూర్చున్నాయి. నిట్టూర్చి మెట్లెక్కాడు.

సాయిబాబు మర్యాదగా ఆయన భుజాలు పట్టుకుని మైకు ముందు నిలబెట్టాడు. "సార్, ఇక్కడే, కదలకండి. కదిలితే మైకులో రాదు." ఎమిలీ మొదటి వరసలో నిలబడింది. జీవరాజు పెదవి తడుపుకుని ట్రంపెట్టు ఎత్తాడు.

బుస్సుమని గాలి వచ్చింది. తర్వాత ఒక స్వరం, అది సగంలో విరిగింది. తర్వాత అదే గేదె అరుపు, ఈసారి మైకులో పదింతలై. ఎవరో కిసుక్కుమన్నారు. జీవరాజు మళ్లీ ఎత్తాడు. మళ్లీ అంతే. చెమటలు కారుతున్నాయి. వెనక వరసల్లో జనం బజ్జీల వైపు జారుకుంటున్నారు. "పర్లేదు సార్, పర్లేదు" అంటున్నాడు సాయిబాబు. ఎమిలీకి తల కొట్టేసినట్టయింది. దేవుడా, ఎంత పని చేశాను! మూలన తన బతుకు తాను బతుకుతున్న మనిషిని తెచ్చి పదిమందిలో నవ్వులపాలు చేశానే అని ఏడుపు ముంచుకొచ్చింది. జీవరాజు ట్రంపెట్టు దించి నేల చూపులు చూస్తున్నాడు.

అప్పుడు ఆమె చూపు ఆయన కాళ్ల మీద పడింది. మైకు ముందు అతికించినట్టున్న ఆ కాళ్లలో కుడికాలి మడమ ఒక్కటే సన్నగా లేచి పడుతోంది. ఎమిలీకి ఆ మడమ తెలుసు. గడ్డం గీసుకునేటప్పుడు ఈయన ఒకచోట నిలబడడు. బ్రష్షు పట్టుకుని వంటింటినుంచి వాకిలిదాకా, వాకిలినుంచి వంటింటికి అడుగులు వేస్తూ కూనిరాగం తీస్తాడు. కూర్చోమంటే రాగం ఆగిపోతుంది. కూసొని ఊదేది కాదే ఇది. సాకు కాదు, నిజమే చెప్పాడు! పాతికేళ్లు రోడ్ల మీద నడుస్తూ ఊదిన మనిషికి అడుగు పడితేగా ఊపిరి ఆడేది! తెలివితక్కువదాన్ని, ఒకసారి మంచం మీద కూర్చోబెట్టాను, ఇప్పుడు తెచ్చి గుంజకు కట్టేశాను అనుకుంది.

"దిగండి!" అని అరిచింది ఎమిలీ. చిన్నపిల్లల క్లాసు టీచరు గొంతు కదా, మైకు అక్కర్లేదు. "ఏవండీ, దిగండి! దిగి నడవండి!"

జీవరాజు తలెత్తాడు. ఒక్క క్షణం ఆమెను చూశాడు. గబగబా మెట్లు దిగి, వీధి మధ్యలోకి వచ్చి, ఎడమకాలు ముందుకు వేసి ఊదాడు.

అంతే!

ఎలా చెప్పను? ఆ ట్రంపెట్టు ఒక్కసారి గొంతు విప్పింది. పెళ్లివారు బయల్దేరేటప్పుడు వాయించే హుషారు పాట, తళతళా మెరుస్తూ వీధి ఈ చివరినుంచి ఆ చివరికి పరుచుకుంది. బజ్జీల దగ్గరి జనం బజ్జీలతోనే వెనక్కి తిరిగారు. జీవరాజు ఒక్కో అడుగూ వేస్తున్నాడు, ఒక్కో అడుగుకీ పాట ఒక్కో మెట్టు పైకెక్కుతోంది. డప్పులవాళ్లు నలుగురూ ఒకరి ముఖం ఒకరు చూసుకుని, పరుగున వచ్చి ఆయన వెనక చేరారు. డప్పు పడేసరికి ఇంకేముంది, సాఫ్ట్‌వేర్ పిల్లలు ఆదివారమూ మెడలోనే ఉన్న ట్యాగులు వీపుల మీదికి తోసేసి గంతులందుకున్నారు. బొమ్మలు గీసే అమ్మాయి కుంచెతోనే వచ్చేసింది. ఏ మూలనుంచి వచ్చారో గానీ రోసమ్మ గారు జిలేబీ పొట్లం పట్టుకుని, ఎవరూ చూడడం లేదనుకుని భుజాలు ఊపుతున్నారు.

ఎమిలీ జనాన్ని తోసుకుంటూ ఆయన పక్కనే నడిచింది. వింటోంది. డప్పుల మోతలోనూ, కేకల్లోనూ ఇప్పుడు ఆమెకు ఏది ఆయనదో వెతుక్కోవాల్సిన పని లేదు. ఆ ఊపిరి ఎక్కడ ఆగి ఎక్కడ అందుకుంటుందో తెలుస్తోంది, ఆయన నిద్రలో ఊపిరి తెలిసినట్టే. ఇంత చక్కగా ఊదే మనిషిని, ఉప్పు ఎక్కువైందన్నాడని సాధించానే అనుకుంది. ఆనందం పట్టలేక ఆమె కూడా గట్టిగా కేక వేసింది, ఏమని వేసిందో ఆమెకే తెలియదు.

వీధి చివర వచ్చింది. అడ్డుకట్ట వచ్చింది. జీవరాజు ఆగలేదు. అడ్డుకట్ట పక్క సందులోంచి పెద్దరోడ్డు మీదికి నడిచాడు. ఆయన వెనక డప్పులు, డప్పుల వెనక వీధి వీధంతా. ఆర్టీసీ బస్సు ఒకటి కీచుమని ఆగింది. ట్రాఫిక్ కానిస్టేబుల్ ఈల వేస్తూ పరుగెత్తుకొచ్చాడు.

"ఏయ్ ఏందిది! పర్మిషన్ గల్లీ దాకనే! రోడ్డు మీదికి ఎవడు రమ్మన్నడు? ఆపు!"

జీవరాజుకు వినపడితేగా! సాయిబాబు ముందుకొచ్చి రెండు చేతులూ ఊపాడు. ఆయన సాయిబాబును చుట్టుకుని ముందుకు పోయాడు. కానిస్టేబుల్ పరేషాన్ అయిపోయి ఎమిలీ దగ్గరికి వచ్చాడు. "అమ్మా, మీ ఆయనే గదా? జెర ఆపుమను. నా నౌకరీ పోతది."

ఎలా ఆపాలో ఎమిలీకి తెలుసు. అక్కడున్నవాళ్లందరిలో ఆమెకొక్కదానికే తెలుసు. పెళ్లి ఊరేగింపులో బ్యాండువాడు ఎవరు ఆపమన్నా ఆపడు. పెళ్లివారి పెద్ద ఒకరు ముందుకొచ్చి, పెళ్లికొడుకు తల చుట్టూ నోటు తిప్పి బ్యాండువాడి చేతిలో పెట్టాలి. అప్పుడే పాట ఆగుతుంది. అంతదాకా ఎండయినా వానయినా ఊదాల్సిందే, అది పని మర్యాద. రాత్రిళ్లు ఇంటికొచ్చి ఎన్నిసార్లు చెప్పలేదు, "నోటు తిప్పే మొగోడు దొర్కక గంటసేపు ఊదినమే" అని! ఇప్పుడు ఇక్కడ పెళ్లీ లేదు, పెద్దా లేడు. ఎవరూ నోటు తిప్పరు. పాతికేళ్ల అలవాటు ఆయన్ని నడిపించుకుపోతోంది.

ఎమిలీ పర్సులోంచి పదిరూపాయల నోటు తీసింది. తీసి గుప్పిట్లో బిగించింది.

ఇవ్వబుద్ధి కాలేదు. ఇస్తే ఆగిపోతుంది. ఆగిందంటే ఇక లేదు. మంగళవారం అంటూ ఒకటి ఉంది. "నా మాట ఆయన ఎప్పుడు విన్నాడు బాబూ!" అని కానిస్టేబుల్‌కు చెప్పి, గుప్పిటను కొంగు చాటున దాచుకుంది. ఇంకొక్క పాట. దేవా, ఇంకొక్క పాట.

జీవరాజు పాట మార్చాడు. హుషారు పాట మెల్లగా తగ్గి, అప్పగింతలప్పటి బాణీ వచ్చింది. కూతుర్ని సాగనంపే వేళ తల్లుల కళ్లు తడిపే బాణీ అది. గంతులు ఆగిపోయాయి. డప్పులు మెత్తబడ్డాయి. ఆగిన బస్సులోంచి డ్రైవరు కిందికి దిగి నిలబడ్డాడు. కానిస్టేబుల్ ఈల నోట్లో పెట్టుకుని ఊదడం మరిచిపోయాడు. రోడ్డంతటికీ ఆ ఒక్క గొంతే వినపడుతోంది. ఎమిలీ ఏడుస్తూ నడిచింది.

అప్పుడు చూసింది, ఆయన పెదవి చివర ఎర్రగా సన్నని గీత. నెత్తురు. జీవరాజు చూపులు జనంలో ఎవరికోసమో వెతుకుతున్నాయి. నోటు తిప్పేవాడి కోసం. అలిసిపోయాడు. అయినా ఆపడు, కూలిపోయేదాకా ఊదుతూనే ఉంటాడు.

ఎమిలీ ఇంక ఆలోచించలేదు. ఎదురుగా వెళ్లి, గుప్పిట విప్పి, నోటును మొగుడి తల చుట్టూ మూడుసార్లు తిప్పింది. ఇవాళ పెళ్లికొడుకూ ఆయనే మరి! జీవరాజు అలవాటుగా ముఖం కూడా చూడకుండా నోటు అందుకున్నాడు, రెండు వేళ్లు నుదుటికి ఆనించి సలాము చేశాడు. పాట ఆగింది. సలాము చేశాక చూశాడు, ఎదురుగా ఉన్నది ఎవరో.

చప్పట్లు, ఈలలు, బస్సు హారన్లు అన్నీ ఒక్కసారిగా మోగాయి. జీవరాజు నోటి దగ్గర చెయ్యి పెట్టుకుని, అరచెయ్యి తెరిచి చూపించాడు. "ఎమిలీ, ఒకటి ఊడిందే."

పన్ను! ఎమిలీకి ఏడుపులోనే నవ్వొచ్చింది. కొంగుతో ఆయన పెదవి తుడిచింది. ఇంతలో కానిస్టేబుల్ వచ్చాడు. "అన్నా, మంచిగ వాయించినవ్ గానీ, ఈ మందిని మళ్ల గల్లీలకు ఎవరు తోల్కపోవాలె? నేను జెప్తె వింటరా వీళ్లు? నువ్వే తీస్కపో" అంటూ, అక్కడికి చేరాక తిప్పడానికి తన జేబులోంచి ఇంకో నోటు తీశాడు.

"ఇంకో పన్నున్నది గదా, నడుస్తది" అన్నాడు జీవరాజు. ట్రంపెట్టును చొక్కా అంచుతో తుడిచి, పెదవి దాకా తెచ్చి ఆగాడు. ఎమిలీ వైపు చూశాడు. ముందు పన్ను ఒకటి లేక మాటలోంచి గాలి తప్పుకుంటోంది.

"తెల్సిందా ఇప్పుడు, నాది ఏదో?"

"తెలిసిందండీ" అంది ఎమిలీ. "వినొచ్చిందంతా మీదే."

జీవరాజు ఎడమకాలు ముందుకు వేశాడు.